పూతే కదా అనుకున్నాం

ఫిబ్రవరి 4

వదినా,

నీ పోరు పడలేక వెళ్ళాను. ఇక ఆ మాట ఎత్తకు. మూడు ఉత్తరాల నుంచి "డాక్టరు దగ్గరికి వెళ్ళావా లేదా" అని చెవిలో జోరీగలా మోగుతూనే ఉన్నావు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గానీ మన విషయంలో వదినే పూర్తి మొగుడు.

ఈ నాలుగు లైన్లు రాసేలోపు రెండుసార్లు లేచి కిటికీ తెరిచాను, మూశాను. కూర్చోలేను, పడుకోలేను, ఒక పని మొదలుపెడితే పూర్తి చెయ్యలేను. చన్నీళ్ళలో నడుం లోతున నిలబడి చెమట పట్టిన మనిషిని నువ్వెప్పుడైనా చూశావా? మా స్విమ్మింగ్ పూల్‌కి వచ్చి నన్ను చూడు. చుట్టూ పిల్లలు చలికి పళ్ళు టకటకలాడిస్తుంటారు, నా మెడ వెనక మాత్రం ఎవరో పెనం ఆనించినట్టు ఉంటుంది. మొన్న ఒక పిల్ల తల్లిని ఊరికే కసిరాను. మా మేనేజరు పిలిచి, "మీకు ఈ మధ్య ఏమైంది, ఇలాగైతే నీళ్ళలోంచి తీసి కౌంటర్లో కూర్చోబెడతాను" అన్నాడు. కౌంటర్లో కూర్చోవడమంటే నాకు చావుతో సమానం, నీకు తెలుసు. నాకు చేతనైన పని ఈ లోకంలో అదొక్కటే.

అందుకని వెనక వీధిలో ఉన్న లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మంచి మనిషి. ముట్లుడిగే వయసులో ఈ వేడి ఆవిర్లు మామూలేనంది. గర్భసంచి తీసేశారు కాబట్టి నాకు ఈస్ట్రోజెన్ అనే హార్మోను జెల్ ఒక్కటే చాలంది, వేరే మాత్ర అక్కర్లేదంది. రోజుకోసారి భుజానికి పల్చగా పూసుకుని ఆరనివ్వాలి, అంతే. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగింది. "లేదండి" అన్నాను. ఏం చెయ్యను వదినా, ఆమె కొడుకు మా దగ్గరే ఈత నేర్చుకుంటున్నాడు. ఈత నేర్పే మనిషికి మూర్ఛ ఉందని తెలిస్తే రేపు పొద్దున్నే ఊరంతా తెలుస్తుంది. పదకొండేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. మాత్ర ఏ పూటా తప్పలేదు. రానిదాని గురించి చెప్పి ఉన్నది పోగొట్టుకోవడమెందుకు?

అన్నయ్యకి మాత్రం చెప్పకు. "కొత్త మందు ఏదైనా నా చెవిన వెయ్యకుండా నోట్లో వెయ్యకు" అని చిన్నప్పటి నుంచి ఆయన శాసనం కదా. ఇది నోట్లో వేసుకునేది కాదు. పైగా అన్నయ్యతో ఏమని చెప్పను? నాకు సిగ్గు. ఇది మనిద్దరి మధ్యే.

నీ మరదలు

ఫిబ్రవరి 11

చేపపిల్లా,

దారికొచ్చావు. ఈ మాట రెండేళ్ళ కిందటే విని ఉంటే ఎన్ని రాత్రులు కలిసొచ్చేవి. నేను ఆ జెల్ మొదలుపెట్టకముందు ఎలా ఉండేదాన్నో మీ అన్నయ్యని అడుగు. వద్దులే, అడగకు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని, ఆయన పాపం దిండు తీసుకుని హాల్లోకి పోయేవారు.

ఆయనకి చెప్పనులే. మీ అన్నయ్య లిఫ్టులు తనిఖీ చేసీ చేసీ మనుషుల్ని కూడా తాళ్ళు, బోల్టులు అన్నట్టే చూస్తారు. నీ జెల్ సంగతి తెలిస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వి, నరాల డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన సరే అనేదాకా నిన్ను చెమటలో నానబెడతారు. పూతకి కూడా ఇంత రాద్ధాంతమా? నడుం నొప్పికి రాసుకునే మందు గురించి ఎవరైనా డాక్టరుకి చెప్తారా? ఇదీ అంతే. ఉత్తరాలు మాత్రం ఎప్పటిలా మా పరదాల షాపుకే రాయి. ఇంట్లో ఫోన్ పక్కనే ఆయన కుర్చీ.

ఒక్కమాట. నా ట్యూబు మీద రాసుంది, పూసుకున్నాక గంటసేపు తడపకూడదని. నువ్వేమో తెల్లారకుండానే నీళ్ళలో ఉంటావు. నువ్వు పూసుకున్నదాంట్లో సగం ఆ పూల్ నీళ్ళే తాగేస్తాయి. పొద్దున పూసుకున్నా సరే, నీళ్ళలోంచి వచ్చాక ఇంకోసారి పూసుకో. నీ ఒంటికి కాక దేనికి?

షాపులో ఊపిరాడటం లేదు. ఒక హోటలు వాళ్ళు గదులన్నిటికీ పరదాలు కుట్టమన్నారు. గుడ్డ అంతా వచ్చాక రంగు మార్చమంటున్నారు. మా ఓనరు ఆ కోపం నా మీద చూపిస్తున్నాడు, నేను కుట్టుమిషను మీద చూపిస్తున్నాను, అది సూదులు విరగ్గొడుతోంది. నిద్రపట్టిందో లేదో రాయి.

వదిన

ఫిబ్రవరి 27

వదినా,

నిద్ర పట్టింది. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. పడుకుంటే తెల్లారింది. నువ్వు చెప్పినట్టే రెండు పూటలా పూసుకుంటున్నాను. మేనేజరు నిన్న, "మళ్ళీ మనిషయ్యారు" అన్నాడు. ఆయన పొగడ్తలు అలాగే ఉంటాయి.

కొత్త పిల్లల క్లాసు నాకే ఇచ్చారు. అందరికంటే చిన్నవాళ్ళు, నీళ్ళంటే భయపడేవాళ్ళు. అందులో ఒకతి ఉంది. నీళ్ళలోకి దిగిన దగ్గర్నుంచి "వదలకు, వదలకు" అని ఒకటే పాట. దాని అసలు పేరు మర్చిపోయి పూల్ దగ్గర అందరం దాన్ని "వదలకు" అనే పిలుస్తున్నాం. నా మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకుందంటే నాకే ఊపిరాడదు. వీపు కింద చెయ్యి పెట్టి తేలనివ్వడానికి వారం పట్టింది. నిన్న నా చెయ్యి తీసేసినా ఒక్క క్షణం తేలింది. అది తేలిందని దానికి తెలియదు. నేను చెప్పలేదు, చెప్తే మునిగిపోతుంది.

అన్నట్టు మొన్న ఒకటి జరిగింది. టీ పోసుకుంటున్నాను. చూస్తే గ్లాసు నిండి, బల్ల మీదికి పొర్లి, నా చేతి మీద పడుతోంది. ఎంతసేపటి నుంచి పోస్తున్నానో తెలియలేదు. ఇన్నాళ్ళ నిద్ర బాకీ ఒక్కసారిగా తీరుతోంది కదా, మొద్దుబారినట్టున్నాను. చేతికి చిన్న బొబ్బ వచ్చింది, అంతే. నువ్వేం కంగారు పడకు.

నీ మరదలు

మార్చి 8

చేపపిల్లా,

నీ ఉత్తరం చదివి మురిసిపోయాను. ఆ వదలకు సంగతి షాపులో అందరికీ చెప్పాను. టీ గ్లాసు దగ్గర మాత్రం కాస్త మెలకువగా ఉండు, వేడి నీళ్ళతో ఆటలొద్దు.

ఇక్కడ మాత్రం మీ అన్నయ్య కుదురుగా లేరు. మొన్న ఫోన్లో నీతో మాట్లాడుతుంటే మధ్యలో ఆగిపోయావట. "హలో, హలో" అని ఈయన అరుస్తుంటే కాసేపటికి, "ఆ, ఏంటన్నయ్యా" అని మళ్ళీ మొదటి నుంచి అడిగావట. లైను బాగోలేదేమో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "అది మాత్రలు సరిగ్గా మింగుతోందా? కొత్త మాత్రలేవైనా మొదలుపెట్టిందా? నీకేమైనా రాసిందా?" అని పోలీసులా నిలదీశారు. "కొత్త మాత్ర ఏదీ లేదండీ" అన్నాను. అబద్ధమేం కాదు కదా.

అయినా తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్ళిపోయాను. నువ్వు ఫోన్లో కాస్త చురుగ్గా మాట్లాడమ్మా. ఆయన వంకలు వెతుకుతున్నారు, వెతికితే దొరికేదాకా వదలరు.

వదిన

మార్చి 19

వదిన గారికి,

మీ ఆయన వచ్చి వెళ్ళారు. చెప్పకుండా వచ్చారు. తలుపు తీయగానే బ్యాగు కింద పెట్టకుండా, "నీ మాత్రలు చూపించు" అన్నారు. స్ట్రిప్పులో ఖాళీలు వేలితో తడిమి చూశారు, నేనింకా బడికెళ్ళే పిల్లనైనట్టు. ఒక్కటీ తప్పలేదని లెక్క తేలాక కూడా నమ్మలేదు. "మింగకుండా పారేస్తున్నావా?" అని అడిగారు. పదకొండేళ్ళు కంటికి రెప్పలా కాచుకున్న మనిషిని ఆ మాట అనొచ్చా?

ఆ తర్వాత, "టీ చేతి మీద పోసుకున్నావట" అన్నారు. ఆ సంగతి ఈ భూమ్మీద నీ ఒక్కదానికే రాశాను. నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా రాశాను చూడు, నాదీ ఒక బుద్ధేనా.

నరాల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. ఆయన నా కళ్ళలోకి లైటు వేసి, ముక్కు తాకమని, గీత మీద నడవమని, అవన్నీ చేయించాడు. అలా ఉన్నట్టుండి క్షణంపాటు లేకుండా పోవడం కూడా మూర్ఛేనన్నాడు. "కొత్తగా మాత్రలేమైనా వాడుతున్నారా?" అని అడిగాడు. అన్నయ్య పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు లోపలి ఆడమాటలు ఎలా చెప్పను? లేవన్నాను. "మాత్ర సరిపోవడం లేదేమో" అని మోతాదు పెంచేశాడు. మెల్లమెల్లగా ఇంకా పెంచాలట.

వెళ్ళేటప్పుడు అన్నయ్య గుమ్మంలో నిలబడి, "ఆ నీళ్ళ పని మానెయ్యి. నువ్వు మానకపోతే మీ మేనేజరుతో నేనే మాట్లాడతాను" అన్నాడు. రెండు వారాలు చూస్తాడట. మళ్ళీ ఒక్కసారి అలా జరిగిందని తెలిస్తే చెప్పేస్తాడట. ఇప్పుడు నాకు నడుస్తున్నా, నిలబడినా అదే ధ్యాస. మాట్లాడుతూ ఆగానా, ఎవరైనా చూశారా అని. ఇంటిగుట్టు బయటపెట్టి నాకు ఇంత మేలు చేశావు. సంతోషమేనా?

ఇట్లు,
మీ ఆడపడుచు

మార్చి 26

నన్ను "గారు" అన్నావు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి. సరే, పడ్డాను.

నేను చెప్పలేదు. నీ చేతి మీద బొబ్బ మచ్చ చూసి మీ పక్కింటావిడని అడిగారట, ఆవిడ చెప్పిందట. వచ్చాక ఆయనే నాతో అన్నారు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. నేను నోరు జారే మనిషినే, కాదనను. ఈ విషయంలో మాత్రం నా నోటికి నేనే కుట్లు వేసుకున్నాను, వేసుకోకపోయి ఉంటే బాగుండేదేమోనని నిన్నటి నుంచి అనిపిస్తోంది. ఎందుకో చెప్తాను, నిదానంగా చదువు.

నిన్న నా జెల్ కొనడానికి మందుల షాపుకి వెళ్ళాను. కొత్తగా ఒకమ్మాయి కూర్చుంది. ట్యూబు ఇచ్చే ముందు, "మూర్ఛకి గానీ, క్షయకి గానీ మాత్రలేమైనా వాడుతున్నారా ఆంటీ?" అని అడిగింది. పూతకీ దానికీ ఏం సంబంధమమ్మా అన్నాను. "ఒంటికి పూసినా రక్తంలోకే కదా పోయేది" అంది. కొన్ని మూర్ఛ మాత్రలు జెల్ పని చెయ్యకుండా చేస్తాయట, ఒక రకం మాత్రని మాత్రం ఈస్ట్రోజెనే ఒంట్లోంచి తొందరగా బయటికి తోసేస్తుందట. ఆ రకం పేరు చెప్పింది. నీ మాత్ర పేరు. మీ అన్నయ్య అల్మారాలో నీ మందుల చీటీ ఉంటుందిగా, ఇంటికొచ్చి చూశాను. అదే.

అందరికీ ఇలా అవ్వదట, పూతతో ఇంకా తక్కువట. కానీ నువ్వు రెండింతలు పూస్తున్నావు. ఎవరు చెప్పారు? నేనే చెప్పాను.

డాక్టరుకి చెప్పి ఆయన చెప్పినట్టు చెయ్యాలి, సొంతంగా ఏదీ మార్చొద్దని ఆ అమ్మాయి అంది. చెప్తే మీ అన్నయ్యకి తెలుస్తుంది, తెలిస్తే నీ పూల్ సంగతి అంతే. అందుకని నేను ఆలోచించి చెప్తున్నాను, ఆ జెల్ ఈ పూటే ఆపెయ్. మూలకారణం పోతే అంతా సర్దుకుంటుంది. ఆయన పెట్టిన గడువు దాటుతుంది, నీ నీళ్ళు నీకుంటాయి, ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. చేపపిల్లా, కోపం తర్వాత పడు, ముందు ఆపు.

వదిన

ఏప్రిల్ 6

వదినా,

నన్ను కొట్టు. పక్కింటావిడని అడిగాను, ఆవిడే చెప్పిందట. ఆరోజు బొబ్బకి తేనె అడగడానికి వెళ్ళి నేనే ఆవిడతో అన్నాను, మర్చేపోయాను. నిన్ను అన్నన్ని మాటలన్నాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

నీ ఉత్తరం అందిన పూటే ఆపేశాను. వేడి మళ్ళీ తిరిగొచ్చింది, నిద్ర పోయింది. రాత్రంతా దుప్పటి కప్పుకోవడం, తన్నేయడం. అయినా ఆ ఆగిపోవడాలు మాత్రం లేవు. ఒక్కటీ లేదు. అన్నయ్య రోజూ ఫోన్ చేసి కావాలని పొడుగ్గా మాట్లాడుతున్నాడు, నేను ఎక్కడా ఆగకుండా రేడియోలా వాగుతున్నాను. నిన్న, "బాగున్నట్టున్నావు" అన్నాడు. పెంచిన మాత్రలు పనిచేస్తున్నాయనుకుంటున్నాడు. అనుకోనీ. గడువు దాటింది. మేనేజరుకి ఫోన్ వెళ్ళలేదు. నువ్వు నా నీళ్ళు నాకు మిగిల్చావు.

కాస్త తూలుతున్నట్టుంది, అంతే. మెట్లు దిగుతుంటే చివరి మెట్టు ఇంకొంచెం కిందికి జరిగినట్టు ఉంటుంది. వాంతి వచ్చినట్టుంటుంది, రాదు. గోడ మీది గడియారం ఒక్కోసారి రెండుగా కనబడుతోంది. నిద్ర లేకపోతే అంతే కదా. యాభైకి దగ్గరపడుతున్నాను, కళ్ళజోడు కూడా మార్చాలేమో.

వదలకు ఇప్పుడు నా చెయ్యి లేకుండా గోడ నుంచి నా దాకా వస్తోంది. రెండు బారల దూరం. వచ్చి నా మెడ పట్టుకుని, "వదిలేశావా?" అని అనుమానంగా అడుగుతుంది.

నీ మరదలు

ఏప్రిల్ 11

చేపపిల్లా,

హమ్మయ్య అనుకున్నాను. మనలో మనకి క్షమాపణలేంటి, పరదా గుడ్డ కొలతలో ఒక బెత్తెడు అటూ ఇటూ అయితే మడతలో సర్దేయమా?

కళ్ళజోడు మార్చు. నాకూ అదే ఏట మారింది. సూదిలో దారం రెండుగా కనబడేది, ఏ కన్నంలోంచి దూర్చాలో తెలిసేది కాదు. హోటలు పరదాలు రేపే ఇవ్వాలి, గుమ్మం నిండా గుడ్డ, నేను ఎక్కడున్నానో నాకే కనబడటం లేదు. అందుకే నాలుగు ముక్కలు. మీ అన్నయ్య నిన్న చాన్నాళ్ళకి నవ్వారు. నాకది చాలు.

వదిన

ఏప్రిల్ 18

వదినా,

నిలబడే రాస్తున్నాను, అక్షరాలు అర్థం చేసుకో.

నిన్న పొద్దున వదలకు గోడ దగ్గర్నుంచి బయల్దేరింది. నేను ఎదురుగా చేతులు చాచి నిలబడ్డాను. మధ్యలోకి వచ్చాక అలిసిపోయింది, నీళ్ళు మింగింది. నాకు ఇద్దరు కనబడ్డారు. పక్కపక్కనే, ఒకే పసుపు టోపీ, ఒకే మొహం. చెయ్యి వేశాను. నీళ్ళే చేతికొచ్చాయి. మళ్ళీ వేశాను, మళ్ళీ నీళ్ళే. అసలుది పక్కన మునుగుతోంది, నేను లేనిదాన్ని పట్టుకోవడానికి చూస్తున్నాను. పక్క వరసలో నేర్పే కుర్రమాస్టరు దూకి పైకి తీశాడు.

బతికే ఉంది. దగ్గింది, కక్కింది, ఏడ్చింది. డాక్టరు చూసి ఏం ఫరవాలేదన్నాడు. నా కాలు జారిందని అందరూ అనుకున్నారు. నేనూ అవునన్నాను. వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని, "మీరున్నారు కాబట్టి సరిపోయింది" అంది. ఆ మాటకి తలూపి, పిల్ల చెప్పులు వెతికి ఇచ్చాను.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఈ గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతూనే ఉన్నాను. జెల్ ఆపేశాను కదా వదినా. ఆపేస్తే సర్దుకుంటుందన్నావు కదా. మరి ఇదేమిటి? చెప్తే నా పని పోతుంది. చెప్పకపోతే సోమవారం మళ్ళీ ఆ పిల్లలు నా చేతుల్లోకి దూకుతారు. కళ్ళజోడు మార్చుకుని చూస్తాను. ఒక్క వారం చూస్తాను. అన్నయ్యకి చెప్పకు, నీకు దండం పెడతాను.

నీ మరదలు

ఏప్రిల్ 20

చెప్పేశాను.

నీ ఉత్తరం షాపులో నిలబడే చదివాను. కత్తెర చేతిలో పట్టుకునే ఇంటికి నడిచానట, ఓనరు వెనక నుంచి పిలుస్తున్నా వినిపించుకోలేదట. మీ అన్నయ్య ముందు కూర్చుని నీ జెల్లు, నా సలహా, రెండు పూటలు, ఆ మందుల షాపు అమ్మాయి, నేను ఆపించడం, అన్నీ చెప్పాను. ఆయన అరవలేదు. అరిచి ఉంటే నాకు బాగుండేది. లేచి నరాల డాక్టరుకి ఫోన్ చేసి, చాలాసేపు "ఊఁ, ఊఁ" అన్నారు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని ఆయన భాషలో చెప్పారు.

"లిఫ్టులో ఒకవైపు పెట్టె, రెండో వైపు దానికి సరితూగే బరువు ఉంటాయి. మీరిద్దరూ నాకు చెప్పకుండా పెట్టెలో ఒక మనిషిని ఎక్కించారు. అది కిందికి గుంజుతోందని నేను చూసి, రెండో వైపు బరువు పెంచాను. అప్పుడు మీరు చెప్పకుండా ఆ మనిషిని దింపేశారు. ఇక పెట్టె పైకప్పుకి కొట్టుకోక ఏం చేస్తుంది?"

అర్థమైందా తల్లీ? జెల్ ఉన్నప్పుడు నీ మాత్ర చాల్లేదు. అది తెలియక పెంచారు. జెల్ ఆపేసరికి ఆ పెంచినదంతా నీ ఒంట్లో మిగిలిపోయింది. తూలడం, రెండుగా కనబడటం, అన్నీ మాత్ర ఎక్కువవడం వల్లే. నీ కళ్ళకి ఏమీ కాలేదు. కళ్ళజోడు మార్చుకోమన్నాను చూడు, చేతులు కాలాక కూడా ఆకుల కోసం తప్పు చెట్టు చూపించాను. నీ పిల్ల మునిగింది నా మాట వల్ల. నేను రెండుసార్లు డాక్టరునయ్యాను. ఎవరు నాకు ఆ పెత్తనం ఇచ్చారు?

తర్వాత ఆయన లేచి బ్యాగు సర్దుకున్నారు. చివరికి, "నన్ను అడగడానికి దానికి సిగ్గేమిటి? చిన్నప్పుడు దాని నోటి నురగ తుడిచింది నేను కాదా?" అన్నారు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మీ అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడు చూశాను.

ఈ ఉత్తరం కంటే ముందే ఆయన నీ దగ్గరికి చేరతారు. డాక్టరు సరే అనేదాకా నీళ్ళలో దిగకు. మాత్రలు నువ్వే తగ్గించకు, నువ్వే మానకు. మానితే ఇంకా ప్రమాదమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నా మీద కోపం వస్తే రానీ. మాట తప్పానంటే తప్పాను. మేనేజరుకి మాత్రం ఆయన చెప్పరు, నేను ఒట్టు వేయించుకున్నాను. అది నువ్వు చెప్పాల్సిన మాట.

వదిన

మే 14

వదినా,

ఇన్నాళ్ళు రాయలేదని నువ్వు కుమిలిపోతున్నావని అన్నయ్య చెప్పాడు. కోపం లేదు. నువ్వు చెప్పకపోతే ఆ సోమవారం నేను నీళ్ళలో దిగేదాన్నే. నన్ను నేను ఎరుగుదును.

రక్తపరీక్ష చేశారు. మాత్ర ఒంట్లో మోతాదు మించి ఉంది. కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పాత మోతాదుకి తెచ్చారు. ఇప్పుడు గడియారం ఒకటే ఉంది. లేడీ డాక్టరు దగ్గరికీ వెళ్ళాను, అన్నయ్యని బయట కూర్చోబెట్టి నేనే చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, "మా అబ్బాయిని మీ చేతుల్లో పెట్టాను" అంది. మందు గురించి తిడుతుందనుకుని వెళ్ళాను, ఆ మాటకి మాత్రం సిద్ధంగా లేను. తర్వాత ఆవిడే నరాల డాక్టరుతో మాట్లాడింది. వేడి భరించలేకపోతే మళ్ళీ జెల్ వాడొచ్చట, కానీ ఇద్దరికీ తెలిసి, తక్కువతో మొదలుపెట్టి, మధ్యలో రక్తం చూసుకుంటూ. ఒక్క పూటే పూసుకోవాలి. పూల్ పని అయ్యాక, స్నానం చేసి, ఒళ్ళు పూర్తిగా ఆరాక. ఇంత చిన్న సంగతి. అడిగి ఉంటే మొదటిరోజే చెప్పేది.

మేనేజరుకి చెప్పాను. ఆయన పిడుగు పడ్డట్టు చూశాడు. పదకొండేళ్ళు రాలేదంటే, "ఫిబ్రవరి నుంచి వచ్చింది కదా" అన్నాడు. నిజమే కదా. డాక్టరు రాసిచ్చేదాకా నీళ్ళలో దిగొద్దన్నాడు, ఒడ్డు మీద నిలబడి చెప్పొచ్చట, పక్కన ఇంకొకరు నీళ్ళలో ఉండాలట. మళ్ళీ దిగనిస్తానని మాట మాత్రం ఇవ్వలేనన్నాడు. దిగనివ్వకపోవచ్చు వదినా. తలుచుకుంటే ఏడుపొస్తుంది. ఒడ్డు మీద నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఊరికే ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతుంటాను.

వదలకు వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆవిడ నన్ను తిట్టింది. తిట్టాల్సిందే, తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నాను. పిల్లని మాన్పించేసింది. రెండు వారాల తర్వాత కుర్రమాస్టరు దగ్గర నేర్చుకోవడానికి పంపింది, ఆ పిల్ల ఇంట్లో గోల చేసిందట.

మొన్న అదీ, మిగతా పిల్లలూ ఒడ్డు పట్టుకుని వేలాడుతూ, "నువ్వెందుకు దిగవు?" అని అడిగారు. చుట్టూ తల్లులు కూర్చుని ఉన్నారు. "నాకు మూర్ఛ ఉంది. ఒక్కోసారి ఉన్నట్టుండి నాకు తెలియకుండా పడిపోవచ్చు" అన్నాను. ఏడుస్తారో, భయపడతారో అనుకున్నాను. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, "నువ్వు పడిపోతే మేమేం చెయ్యాలి?" అంది.

ఎన్నిసార్లు పడ్డానో నాకే లెక్క తెలియదు, కానీ పడితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. అమ్మ పరుగున వెళ్ళి తలుపులు మూసేది. అన్నయ్య అందరినీ బయటికి పంపేవాడు. నేను లేచేసరికి నేల తుడిచి ఉండేది, ఎవరూ నా మొహం చూసేవాళ్ళు కాదు. నేనూ ఎవరినీ అడగలేదు. "తెలీదు, కనుక్కుని చెప్తాను" అన్నాను.

కనుక్కున్నాను. పక్కకి తిప్పి పడుకోబెట్టాలట. గట్టిగా పట్టుకోకూడదట, నోట్లో ఏమీ పెట్టకూడదట. ఎంతసేపైందో గడియారం చూడాలట, ఆగకపోతే అంబులెన్సు పిలవాలట. నీళ్ళలో ఎవరికైనా అలా అయితే మాత్రం పిల్లలు దగ్గరికి వెళ్ళకూడదు, పెద్దవాళ్ళని కేకేయాలి. నిన్న అవన్నీ చెప్పి, ఒడ్డు మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాను. అంతమంది చూస్తుండగా పడుకోవడం నా జీవితంలో మొదటిసారి. చిన్న చిన్న తడి చేతులు నా భుజం కింద, నడుం కింద దూరి నన్ను పక్కకి తిప్పాయి. ఎవరో నా తల కింద తువ్వాలు పెట్టారు. ఇద్దరు తలుపు వైపు పరిగెత్తిన చప్పుడు వినబడింది.

మూసెయ్యడానికేమో అనుకున్నాను వదినా. కళ్ళు తెరిచి చూస్తే బార్లా తెరిచి పట్టుకుని, "ఎవరైనా రండి" అని కేకేస్తున్నారు.

నీ
మరదలు